నాట్యం ఆమెది, ఫొటో ఎవరిది?

గ్రెట్ పలుక్కా గాలిలో ఉంది. కాళ్ళు రెండూ చెరో దిక్కుకి చాచి ఉన్నాయి, చేతులు పైకి విసిరి ఉన్నాయి. ఒళ్ళంతా ఒక్క బిగువు. కెమెరాని చూసి నవ్వుదామన్న ధ్యాసే లేదామెకి. 1920ల నడుమ జర్మనీలోని డ్రెస్‌డెన్ నగరంలో షార్లట్ రుడాల్ఫ్ అనే ఫొటోగ్రాఫర్ తీసిన పలుక్కా ఫొటోల్లో ఇలాంటి గెంతులు చాలా ఉన్నాయి. స్త్రీ ఫొటో అనగానే మన కళ్ళు అలవాటుగా వెతికే నాజూకు, సిగ్గు, ఓరచూపు వీటిలో దొరకవు. తొడ కండరాలు కనిపిస్తాయి. నేలని తన్ని లేచిన బలం కనిపిస్తుంది.

1926లో చిత్రకారుడు కాండిన్‌స్కీ ఈ ఫొటోల్లో నాలుగు తీసుకుని, పక్కన నాలుగు రేఖాచిత్రాలు గీసి ‘దాస్ కున్‌స్ట్‌బ్లాట్’ అనే కళాపత్రికలో అచ్చువేయించాడు. పలుక్కా దేహం ఆ బొమ్మల్లో కొన్ని వంపులు, కొన్ని సరళరేఖలు, ఒక చుక్కగా మారిపోయింది. ఆధునిక చిత్రకళ చదివినవాళ్ళకి ఆ గీతలు బాగా తెలుసు. వాళ్ళలో ఎంతమందికి షార్లట్ రుడాల్ఫ్ పేరు తెలుసు? గెంతినది ఒక స్త్రీ. ఆ గెంతులో సరిగ్గా ఏ క్షణాన్ని పట్టుకోవాలో తేల్చుకున్నది ఇంకో స్త్రీ. ఆ ఇద్దరి పనీ ముడిసరుకైపోయి, మూడో మనిషి గీసిన గీత ‘కళ’ అయింది. కాండిన్‌స్కీ మీద నాకు కోపమేమీ లేదు. ఆ గీతలు నిజంగానే బాగుంటాయి. కానీ ఈ వరసక్రమం మనకి కొత్తది కాదు కదా.

ఇరవయ్యో శతాబ్దం మొదటి మూడు దశాబ్దాల్లో యూరప్‌లో, అమెరికాలో బాలే బూట్లు విప్పేసి, కార్సెట్లు తీసేసి, సొంత నృత్యం కట్టుకున్న స్త్రీలు చాలామంది ఉన్నారు. వాళ్ళ నాట్యం చాలావరకు మనకి మిగల్లేదు. ఇసడోరా డంకన్ అయితే తనని ఫిల్ము తీయడానికి ఒప్పుకోనే లేదు. మిగిలినవి ఫొటోలు. అంటే ఆ స్త్రీల గురించి మనం ఏం మాట్లాడినా, చాలాసార్లు ఒక స్టూడియోవాళ్ళు తయారుచేసి ఇచ్చిన దాని గురించే మాట్లాడుతున్నాం. ఈ సంగతి డాన్స్ చరిత్రలు అంతగా పట్టించుకోవు. ఫొటోని సాక్ష్యంలా వేసి, కింద నర్తకి పేరు రాసి, ముందుకి వెళ్ళిపోతాయి.

స్టూడియో అంటే ఏమిటో మన ఇళ్ళలో పాత ఫొటోలు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. వెనక రంగులు వేసిన తెర, పక్కన పూలకుండీ పెట్టిన స్టాండు, దాని మీద చెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డ అమ్మమ్మ. ‘కదలకమ్మా’ అన్న మాటకి కట్టుబడి ఉన్న మొహం. 1900 ప్రాంతంలో స్టూడియో వెలుతురులో గాజుప్లేటు మీద బొమ్మ పడడానికి చాలాసార్లు సెకనో, ఇంకా ఎక్కువో పట్టేది. కదలడమే వృత్తిగా ఉన్న మనిషిని కూడా ఆ గదిలో అడిగేది కదలకుండా ఉండమనే. అందుకే తొలినాళ్ళ డాన్స్ ఫొటోల్లో మనం చూసేది చాలావరకు నాట్యం కాదు, నాట్యంలా కనిపించేటట్టు పట్టి నిలిపిన భంగిమ. కాలు లేచి ఉంటుంది కానీ దాని బరువు ఎక్కడో ఆనుకున్నట్టే అనిపిస్తుంది. చీర కుచ్చెళ్ళలాంటి ఆ బట్టల మడతలు గాలికి ఎగిరినవి కావు, ఎవరో శ్రద్ధగా పరిచినవి.

లోయీ ఫుల్లర్ కథ ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. ఈ అమెరికన్ డాన్సర్ గజాలకొద్దీ పట్టుబట్టని కర్రల సాయంతో తిప్పుతూ, దాని మీద రంగురంగుల దీపాలు వేయించుకుని, 1892లో పారిస్‌ని ఊపేసింది. అదే ఏడాది న్యూయార్క్‌లో తన నాట్యాన్ని ఇంకొకామె కాపీ కొట్టిందని కోర్టుకి వెళితే, ఇందులో కథ లేదు, పాత్రలు లేవు, కాబట్టి కాపీరైటు వర్తించదని జడ్జి కొట్టేశాడు. స్త్రీ కదలికకి తనంతట తనకి అర్థం ఉండదన్నమాట! 1894లో ఆమె తన డాన్సు దుస్తుల డిజైన్ మీద పేటెంటు తెచ్చుకుంది. ఒంటి కదలికకి దొరకని హక్కు బట్టకి, కర్రకి దొరికింది. 1900 ప్రాంతంలో శామ్యూల్ బెకెట్ ఆమెని స్టూడియోలో కాకుండా ఆరుబయట, మామూలు పగటి వెలుతురులో తీసిన ఫొటోలున్నాయి. రంగుదీపాల మాయ ఏమీ ఉండదు వాటిలో. చెట్ల ముందు, గడ్డి మీద, ఒక బొద్దుగా ఉన్న స్త్రీ పెద్ద బట్టని శక్తికొద్దీ విసురుతూ ఉంటుంది. ఆమె చేస్తున్నది ఎంత బరువు పనో ఆ ఫొటోలు చూస్తేగాని తెలియదు.

ఇప్పుడు కెమెరా వెనక ఉన్నవాళ్ళ దగ్గరికి వద్దాం. లారా మల్వీ 1975లో సినిమాలో పురుషుడి చూపు గురించి రాసిన వ్యాసం తర్వాత మనందరికీ ఒక తేలిక సూత్రం దొరికింది. చూసేవాడు మగవాడు, చూడబడేది స్త్రీ. మరి చూసేది కూడా స్త్రీ అయినప్పుడు? మ్యూనిక్‌లో 1887లోనే అనితా ఆగ్‌స్‌పుర్గ్, సోఫియా గౌడ్‌స్టికర్ అనే ఇద్దరు స్త్రీలు ‘ఎల్విరా’ అనే స్టూడియో పెట్టారు. ఆగ్‌స్‌పుర్గ్ తర్వాత జ్యూరిక్‌లో న్యాయశాస్త్రంలో డాక్టరేటు తీసుకుని జర్మనీ స్త్రీల ఓటుహక్కు పోరాటంలో ముందు నిలిచింది. ఇసడోరా డంకన్ కూడా ఎల్విరాలో ఫొటోలు దిగింది. 1898లో కట్టిన ఆ స్టూడియో ముఖద్వారం మీద డ్రాగన్‌లాంటి ఒక పెద్ద అలంకారం ఉండేది. 1937లో నాజీలు దాన్ని చెక్కేయించారు.

వియన్నాలో డోరా కల్ముస్ ఉంది. 1881లో యూదు లాయరు ఇంట పుట్టి, ‘మదాం దోరా’ అనే పేరుతో పెద్ద పేరు తెచ్చుకుంది. అక్కడి ప్రభుత్వ ఫొటోగ్రఫీ విద్యాసంస్థలో థియరీ పాఠాలు వినడానికి అనుమతి దొరికిన మొదటి స్త్రీ ఆమె. వినడానికి మాత్రమే. చేతితో చేసే పని నేర్పే తరగతుల్లోకి స్త్రీలని రానివ్వలేదు. బెర్లిన్ వెళ్ళి నికోలా పెర్షైడ్ దగ్గర కొన్ని నెలలు పని నేర్చుకుని, 1907లో ఆర్థర్ బెండాతో కలిసి సొంత స్టూడియో తెరిచింది. లైట్లు సరిచేయడం, నెగెటివ్ కడగడం, ప్రింటు వేయడం ఎక్కువగా బెండా చూసుకునేవాడు. ఎవరు ఎలా నిలబడాలి, ఏం కట్టుకోవాలి, మొహం ఎటు తిప్పాలి అన్నది ఆమె పని. బయట బోర్డు మీద పేరు ఆమెది. ఈ ఏర్పాటుని తలచుకుంటే నాకు నవ్వొస్తుంది. సాంకేతిక జ్ఞానం స్త్రీకి అందకుండా చేస్తే, ఆమె ఆ జ్ఞానం ఉన్న మగవాణ్ణి పనిలోకి తెచ్చుకుంది.

1922లో ఈ స్టూడియోకి అనితా బెర్బర్, సెబాస్టియన్ డ్రోస్టా వచ్చారు. బెర్బర్‌కి అప్పుడు ఇరవైమూడేళ్ళు. బెర్లిన్‌లో సినిమాల్లో వేసింది, నగ్నంగా నాట్యం చేసింది, ‘కొకెయిన్’, ‘మార్ఫిన్’ అని నాట్యాలకి పేర్లు పెట్టింది, మగవాళ్ళతోనూ ఆడవాళ్ళతోనూ ప్రేమలు దాచుకోలేదు. వియన్నాలో ఆ జంట ప్రదర్శనల చుట్టూ పెద్ద గొడవ జరిగి చివరికి ఇద్దర్నీ దేశం నుంచి పంపేశారు. వాళ్ళ నాట్యాలు, కవితలు, దోరా తీసిన ఫొటోలు కలిపి పాపం, భయం, పరవశం అన్న మూడు మాటలు శీర్షికలో పెట్టుకున్న పుస్తకం 1923లో వియన్నాలోనే వచ్చింది.

ఈ ఫొటోల గురించి పొగడ్తలే ఎక్కువగా చదివాను. స్త్రీ తీసిన స్త్రీ ఫొటోలు కాబట్టి ఇవి విముక్తమైనవి అనేవాళ్ళున్నారు. నాకు అలా అనిపించదు. సున్నం పూసినట్టు తెల్లని మొహం, కళ్ళచుట్టూ నల్లని వలయాలు, వెనక్కి విరిచిన మెడ. ప్రతిదీ కొనేవాడి ఊహలో ఉన్న ‘పాపిష్ఠి స్త్రీ’కి సరిపోయేటట్టు అమర్చినదే. దోరా దగ్గర దయ లేదనడం లేదు, వ్యాపారం ఉంది అంటున్నాను. ఆమె ఫొటోలు సచిత్ర పత్రికలకి వెళ్ళేవి. దొరసానుల్నీ, నటీమణుల్నీ, టోపీల ఫ్యాషన్నీ తీసిన కెమెరాయే బెర్బర్‌నీ తీసింది. స్టూడియో అద్దె కట్టాలి, పనివాళ్ళకి జీతాలివ్వాలి. కెమెరా వెనక స్త్రీ ఉన్నంత మాత్రాన బజారు మాయమైపోదు.

అయినా ఈ ఫొటోల్ని వదిలెయ్యలేను. కారణం బెర్బర్. దోరా అమర్చిన చట్రంలో ఆమె కూర్చుంటుంది, కానీ ఆ అమరికని నమ్మదు. నోరు నాటకీయంగా తెరిచి ఉన్నా చూపులో ఒకరకమైన విసుగు ఉంటుంది. ‘ఇదేగా మీకు కావలసింది’ అన్నట్టు. 1925లో ఓటో డిక్స్ వేసిన ఎర్రగౌను చిత్రంలో ఆమెకి ఇరవయ్యారేళ్ళంటే ఎవరూ నమ్మరు, వడలిపోయిన ముసలిదానిలా వేశాడు. చాలామందికి బెర్బర్ అంటే ఆ చిత్రమే. 1928లో ఇరవైతొమ్మిదేళ్ళకి క్షయతో చనిపోయింది. డిక్స్ చిత్రం ఆమె మీద ఇచ్చిన తీర్పు. దోరా ఫొటోలో కనీసం తీర్పు లేదు, బేరం ఉంది. బేరంలో రెండో మనిషికి కూడా కాస్త మాట ఉంటుంది.

ట్రూడ్ ఫ్లైష్‌మన్ దారి వేరు. దోరా స్టూడియోలో కొద్దికాలం పనిచేసి, 1920లో ఇరవై అయిదో ఏటే వియన్నాలో సొంత స్టూడియో పెట్టింది. 1925లో క్లేర్ బౌరాఫ్ అనే డాన్సర్‌ని నగ్నంగా తీసింది. తెర లేదు, నగ లేదు, ‘పాపం’ లేదు. సాదా గోడ, ఒంటి అంచు వెంట పారే మెత్తని వెలుతురు. వెన్నెముక ఎలా వంగిందో, చెయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూడమంటుంది ఫొటో. ఈ ఫొటోల్ని బెర్లిన్‌లో ఒక థియేటర్‌లో ప్రదర్శనకి పెడితే పోలీసులు వచ్చి జప్తు చేశారు. ఆ జప్తుతోనే ఫ్లైష్‌మన్ పేరు దేశాలు దాటింది.

ఇందులో తమాషా ఏమిటంటే, ఈ ఫొటోల్లో ఎవరినీ రెచ్చగొట్టే ప్రయత్నం లేదు. ఆ రోజుల్లో బెర్లిన్‌లో ఆడవాళ్ళ ఒంటిని అమ్మే రెవ్యూలకి కొదవలేదు. కాబట్టి పోలీసుల్ని ఇబ్బంది పెట్టింది బట్టలు లేకపోవడం ఒక్కటే అయి ఉండదని నా అనుమానం. ఎవరి కోసమూ కాకుండా ఒక స్త్రీ తన దేహంలో తాను ఉండడం కూడా అయి ఉంటుంది. తెలుగులో స్త్రీవాద కవిత్వం మీద ‘నీలి’ ముద్ర వేసిన రోజులు గుర్తున్నవాళ్ళకి ఇది వేరే విప్పి చెప్పక్కర్లేదు. అప్పుడు కూడా గొడవ పెట్టినవాళ్ళకి స్త్రీ దేహం గురించిన పద్యాలు కొత్తవి కావు. శృంగార ప్రబంధాలు కంఠస్థం చేసినవాళ్ళే. ‘నీలిమేఘాలు’ సంకలనంలో ఆ దేహం సొంతగొంతుతో మాట్లాడింది, అదీ కష్టమైంది.

రుడాల్ఫ్ సంగతి మళ్ళీ. 1924లో డ్రెస్‌డెన్‌లో ఆమె స్టూడియో తెరిచేనాటికి ఆ ఊళ్ళో మేరీ విగ్‌మన్ డాన్స్ స్కూలు నాలుగేళ్ళుగా నడుస్తోంది. పలుక్కా అక్కడి విద్యార్థినే. రుడాల్ఫ్ ఈ నాట్యాన్ని దగ్గర్నుంచి చూస్తూ పనిచేసింది. 1929లో ‘ష్రిఫ్ట్‌టాంజ్’ అనే నృత్యపత్రికలో డాన్స్ ఫొటోగ్రఫీ మీద ఒక వ్యాసం కూడా రాసింది. భంగిమ పెట్టించి తీయడం కాదు, కదలిక లోంచే ఫొటో తీయాలన్నది ఆమె పక్షం. వినడానికి చిన్న మాట. ఆచరణలో పెద్దది. అలా తీయాలంటే ఫొటోగ్రాఫర్‌కి ఆ నాట్యం తెలిసి ఉండాలి, ఏ అడుగు తర్వాత ఏ అడుగు వస్తుందో ఒంట్లో లెక్క ఉండాలి. నర్తకి ఫొటోగ్రాఫర్ చెప్పినట్టు నిలబడడం పోయి, ఫొటోగ్రాఫర్ నర్తకి లయని అనుసరించాల్సి వస్తుంది. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు ఇదే అనిపిస్తుంది. చూపు ఆడదా మగదా అన్నదానికన్నా, ఆ గదిలో ఎవరి లయ నడుస్తోంది అన్నది అసలు ప్రశ్న.

విగ్‌మన్ ‘మంత్రగత్తె నాట్యం’ రెండో రూపాన్ని 1926లో చేసింది. రుడాల్ఫ్ తీసిన ఫొటోలో ఆమె నేల మీద కూర్చుని ఉంటుంది. మోకాళ్ళు ఎడం చేసి, మొహానికి ముసుగు వేసుకుని. ఆ ఎడం చేసిన మోకాళ్ళ ముందు ఏ రసికుడూ కూర్చోలేడు. అది పిలుపు కాదు, కాపలా. ఈ నాట్యానిది రెండు నిమిషాలు కూడా లేని ఫిల్ము ముక్క ఒకటి మిగిలింది. దాన్ని చూశాక ఫొటోకి తిరిగి వస్తే, రుడాల్ఫ్ ఎంత సరైన చోట ఆపిందో తెలుస్తుంది. పిడికిలి నేలని కొట్టడానికి ముందో తర్వాతో కాదు, కొట్టబోతుందా లేదా అని మనకి తెలియని చోట.

ఈ యూరప్ స్త్రీల మధ్య ఒక అమెరికన్‌ని కూడా తీసుకురావాలి, ఎందుకంటే ఆమె దగ్గర మన లెక్క ఒకటి తేలాల్సి ఉంది. రూత్ సెయింట్ డెనిస్ 1904లో ఒక సిగరెట్ కంపెనీ పోస్టర్‌లో ఈజిప్టు దేవత బొమ్మ చూసి ముగ్ధురాలైంది. ఆ దేవత కూర్చున్నట్టే కూర్చుని ఫొటో తీయించుకుంది. నాట్యం ఇంకా పుట్టలేదు, ఫొటో ముందు పుట్టింది. అదే ఏడాది న్యూయార్క్ దగ్గర కోనీ ఐలాండ్ వినోదాల పార్కులో, ఢిల్లీ దర్బారు పేరుతో పెట్టిన ప్రదర్శనలో భారతదేశం నుంచి తెచ్చిన నాచ్ స్త్రీలని చూసింది. 1906లో ‘రాధ’ అనే నాట్యం చేసింది. సంగీతం ఫ్రెంచి ఆపెరా ‘లక్మే’ నుంచి. గుడిలో పీఠం మీద నుంచి దిగి, పంచేంద్రియ సుఖాలు ఒక్కొక్కటే అనుభవించి, వదిలేసి, మళ్ళీ ధ్యానంలోకి వెళ్ళిపోయే రాధ. నడుం కనిపించే బట్టలతో, నగలతో స్టూడియోల్లో దిగిన ఆమె ఫొటోలు ఆధునిక నృత్యచరిత్ర పుస్తకాల్లో గౌరవంగా ఉంటాయి. కోనీ ఐలాండ్‌కి వచ్చిన నాచ్‌వాలీలకి ఆ మర్యాద లేదు. వాళ్ళ శ్రమ ఈ ‘ఆధునికత’లో ఎలా కలిసిపోయి కనబడకుండా పోయిందో ప్రియా శ్రీనివాసన్ 2011లో వచ్చిన ‘స్వెటింగ్ శారీస్’ పుస్తకంలో వెతికి పట్టుకుంది.

ఇక్కడ నాకు తేదీలు పక్కపక్కన పెట్టకుండా ఉండబుద్ధి కాదు. న్యూయార్క్‌లో రాధ వేషానికి చప్పట్లు పడిన నాలుగేళ్ళకి, 1910లో, బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ని వావిళ్ళవారి ద్వారా అచ్చువేయించింది. మరుసటేడాది ప్రభుత్వం దాని మీద పడింది. ప్రతులు జప్తయ్యాయి. 1947 దాకా నిషేధం పోలేదు. రాధ కోరికని రాధ వైపు నుంచి రాసిన కళావంతురాలిది, దాన్ని ప్రచురించిన కళావంతురాలిది అశ్లీలం అయింది. అదే రాధ పేరుతో ఒంటిని ప్రదర్శించిన తెల్లామెది ఆధ్యాత్మికం అయింది. సెయింట్ డెనిస్‌కి ఈ సంగతులు తెలిసి ఉండవు. 1926లో తన బృందంతో ఇండియా వచ్చి నాట్యం చేసి వెళ్ళింది కూడా. వ్యక్తిగా ఆమెని బోనెక్కించడం నా ఉద్దేశం కాదు. కానీ ‘పాదరక్షలు విడిచి స్వేచ్ఛ పొందిన స్త్రీ’ అని ఆ ఫొటోల కింద వ్యాఖ్య రాసేటప్పుడు, ఎవరి పాదాలకి అప్పటికి ఇరవయ్యేళ్ళుగా ‘నాచ్ వ్యతిరేకోద్యమం’ సంకెళ్ళు తయారుచేస్తోందో మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు.

జోసఫిన్ బేకర్ గురించి కూడా ఇలాగే పేచీ ఉంది. 1926లో వాలెరీ స్టూడియో తీసిన అరటిపళ్ళ లంగా ఫొటోల్లో ఆమె నవ్వు నన్ను ఇంకా ఆలోచింపజేస్తూనే ఉంది. అది తనని చూసేవాళ్ళని చూసి నవ్వే నవ్వా, వాళ్ళ కోసం నవ్వే నవ్వా? బేకర్ మీద వేరే వ్యాసమే రాయాలి, ఇక్కడ రెండు వాక్యాల్లో తేలేది కాదు.

1933 తర్వాత ఈ స్టూడియోలు ఒక్కొక్కటే చెదిరిపోయాయి. ఫ్లైష్‌మన్ యూదు. 1938లో వియన్నా వదిలి, చివరికి న్యూయార్క్ చేరి 1940లో మళ్ళీ స్టూడియో తెరిచింది. విగ్‌మన్, పలుక్కా జర్మనీలోనే ఉన్నారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ ప్రారంభ ఉత్సవంలో ఇద్దరూ పాల్గొన్నారు. పలుక్కా తల్లి వైపు యూదు మూలాలున్న మనిషి, 1939లో ఆమె స్కూలు మూయించారు. నేలని తన్ని లేచిన ఆ స్వేచ్ఛ హిట్లర్ స్టేడియంలోకి ఎలా నడిచింది? భయం, వృత్తి, రాజీ, కొంత నమ్మకం కూడా, ఏది ఎంతో తూచడం కష్టం. ఒక్కటి మాత్రం చెప్పగలను. బలమైన స్త్రీదేహం కనబడితే చాలు అది విముక్తి అనుకునే మన అలవాటుకి ఈ ఒలింపిక్స్ గట్టి అడ్డు. నాజీలకి కూడా బలమైన స్త్రీదేహాలంటే ఇష్టమే.

వియన్నా డాన్సర్ హిల్డే హోల్గర్ 1939లో బొంబాయి చేరింది. 1920ల్లో అంతోన్ ట్రచ్కా తీసిన ఫొటోల్లో ఆమె చేతివేళ్ళు శిల్పాల్లా ఉంటాయి. బొంబాయిలో ఒక పార్శీ డాక్టర్ని పెళ్ళి చేసుకుంది, 1941లో డాన్స్ స్కూలు పెట్టింది, 1948లో లండన్ వెళ్ళిపోయింది. ఇంటివాళ్ళలో చాలామందిని నాజీలు చంపేశారు. ఈ దేశంలో తొమ్మిదేళ్ళు ఉండి నాట్యం నేర్పిన మనిషి మన డాన్స్ చరిత్రల్లో ఓ పేజీకి కూడా నోచుకోలేదు.

దోరా 1925లోనే పారిస్ వెళ్ళిపోయింది. జర్మన్లు ఫ్రాన్సుని ఆక్రమించాక స్టూడియో పోయింది, దక్షిణాదిన ఒక పల్లెలో దాక్కుని బతికింది. ఆమె అక్క ఆన్నా వియన్నా నుంచి 1941లో లోడ్జ్ ఘెట్టోకి తరలింపబడి, తిరిగి రాలేదు. యుద్ధం అయ్యాక దోరా ఆస్ట్రియాలో కాందిశీకుల శిబిరాలని ఫొటోలు తీసింది. ఆ తర్వాత, డెబ్భయ్యేళ్ళ వయసు దగ్గరపడుతుండగా, పారిస్ కబేళాలకి వెళ్ళడం మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి వెళ్ళింది. తెగిన తలలు, వేలాడదీసిన కళేబరాలు, నెత్తుటి నేల. టోపీల ఫ్యాషన్లకీ బెర్బర్ మెడ వంపుకీ పెట్టిన శ్రద్ధే వాటికీ పెట్టి, వెలుతురు చూసుకుని, ఫ్రేము కట్టుకుని తీసింది.